బుచ్చయ్య ఒప్పుకున్న కేసులు

తాండూరులో కోర్టు గేటుకు ఎదురుగా నాదొక జిరాక్స్ దుకాణం ఉంది. చుట్టుపక్కల జరిగే తప్పులన్నీ ఏదో ఒకనాడు నా మిషను గాజు మీద బోర్లా పడుకుని, ఒకటికి రెండై లేచి పోవలసిందే. గట్టు తగాదాకైనా హత్యకైనా నా దగ్గర ఒకటే ధర. అందుకని నేరస్థుడంటే నాకు భయం లేదు, జాలి అసలే లేదు. బుచ్చయ్య సంగతి మాత్రం వేరు. ఆయన గురించి చెప్పబోతే నాకు ముందు కోపం వస్తుంది, మాట తర్వాత వస్తుంది.

ఆయనదీ నాదీ ఒకే ఊరు, బంట్వారం అవతల. మాది కిరాణా కొట్టు పెట్టుకున్న ఇల్లు, ఆయనది గొర్లను కాసే ఇల్లు. నాలుగిళ్ల గొర్లు కలిసి ఒక మంద. బుచ్చయ్య చిన్నాయన కొడుకు బాల్‌రాజ్ ఆ మందకు పెద్ద. వానాకాలం పంటలు ఇంటికి చేరాక వాళ్లు మందను తోలుకుని బొంరాస్‌పేట మీదుగా కర్ణాటక అంచు దాకా పోతారు. ఎరువు కోసం పిలిచిన రైతుల చేలల్లో మంద నిలుపుతారు. తొలకరికి తిరిగొస్తారు. ఎవరి గొర్లు ఎన్ని ఉన్నా సరే, ప్రతి ఇంటి నుంచి ఒక మగమనిషి మంద వెంట నడవాలి. నడిస్తేనే వాటా. నడవలేనివాడు గొర్లను అమ్ముకోవాలి. తాతల నాటి కట్టు అది. దానికి వకీలు లేడు, అప్పీలు లేదు.

బుచ్చయ్యకు నలభై దాటాక నాపరాళ్ల లారీ ఒకటి ఆయన కుడి కాలి మీదుగా పోయింది. కాలు మిగిలింది గానీ నడక మిగల్లేదు. కట్టె పట్టుకుని కుంటడం నేర్చుకున్నాడు. పిల్లలు లేరు, ఇంట్లో భార్య నాగవ్వ ఒక్కతే. ఆడమనిషిని మంద వెంట పంపరు. గొర్లు పోతే ఆ ఇంట్లో మిగిలేది ఆకలే. సరిగ్గా అప్పుడే మంద ఎవరి చేలోనో పడింది, కొట్లాటైంది, కేసైంది. వాయిదా వాయిదాకూ కోర్టుకు మనిషి కావాలి. మనిషి కోర్టు మెట్ల మీద కూర్చుంటే మందను తోడేలు చూసుకుంటుందా?

"అన్నా, కాలున్నోడు గొర్లు కాయాలె, కాలు లేనోడు కోర్టు కాయాలె," అన్నాడు బాల్‌రాజ్. "కేసు నీ పేరు మీద రాపిస్తం. నువ్వు పోయి ఒప్పుకో. ఫైను మంద కడ్తది. నీ గొర్లను మేం మేపుతం. గదే నీ నడక అనుకో."

బుచ్చయ్యకు అది దేవుడు చూపిన దారిలా కనిపించింది. పని దొరికింది, వాటా నిలిచింది. స్టేషన్లోనూ ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. కేసుకు ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఎవరూ లాక్కురాకుండా తనంతట తానే కుంటుకుంటూ వచ్చాడు. ఇక ఎవరికి మాత్రం ఏం నొప్పి?

అప్పటినుంచి మంద ఏ తప్పు చేసినా చేసింది బుచ్చయ్యే. అడవిలో మేపినా, కొమ్మలు నరికినా, శనగ చేలో పడినా, కల్లు తాగి బాల్‌రాజ్ ఎవడి పళ్లు రాలగొట్టినా, బోనులో నిలబడేది ఈయనే. తెల్ల ధోవతి, ఉతికిన తలపాగా కట్టుకుని పెళ్లికి పోయినట్టు వచ్చేవాడు. "నేరం ఒప్పుకుంటున్నావా?" అని జడ్జి అడిగితే "ఒప్పుకుంటున్న దొరా," అని చేతులు జోడించేవాడు. ఆ చేతులు జోడించడం కోసం కట్టెను చంకలో ఇరికించుకునేవాడు. ఫైను కట్టి, కాగితం పట్టుకుని నా దుకాణానికి వచ్చి, బల్ల మీద కాలు చాపుకుని కూర్చునేవాడు.

"సేటూ, ఇయ్యాల నేనేం చేసిననో జర చదివి చెప్పు."

చదివేవాణ్ణి. ఫలానా ఊళ్లో ఫలానా రైతును తరిమి తరిమి కొట్టి చెయ్యి విరగ్గొట్టావు అని చెప్పేవాణ్ణి.

"అబ్బో! గీ కాలుతోని తరిమిననా? మస్తు చేసిన గదా," అని చాయ్ గ్లాసు ఒలికేలా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. జడ్జీలు మారారు, గుమాస్తాలు మారారు, ఆ నవ్వు మారలేదు. ఊళ్లో ఆయన్ని కోర్టు బుచ్చయ్య అనేవారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం కూడా.

మూడేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ప్రణవి అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. యూనివర్సిటీ ఉత్తరం, కోర్టు అనుమతి, రెండూ ఉన్నాయి. ముప్పై ఏళ్లలో జిల్లాలో శిక్ష పడిన ప్రతి మనిషి రికార్డునూ తీసి, ఒకే మనిషి కేసులను వరసగా పేర్చి, మనుషులు ఏ వయసులో నేరం మొదలుపెడతారు, ఎప్పుడు మానేస్తారు, చిన్న తప్పు చేసినవాడు పెద్దదానికి పోతాడా అని చూస్తుందట. కాపీలన్నీ నా దగ్గరే తీయించేది. నెలల తరబడి తాండూరు ఎండలో, నాపరాయి దుమ్ములో ఆ పిల్ల రిజిస్టర్లు మోసింది. పని దొంగ కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. పని దొంగైనా బాగుండేది.

"అంకుల్, చాలామందికి ఒక్క శిక్షే ఉంటుంది," అంటూ ఒకరోజు లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "ఇరవైల్లో ఏదో చేస్తారు, పెళ్లీ పిల్లలూ అయ్యాక మానేస్తారు. కొద్దిమందే మానరు. మొత్తం నేరాల్లో సగం ఆ కొద్దిమందివే."

"మందలోనూ అంతేనమ్మా. రెండు గొర్లే చేను మేస్తాయి, మిగతావి వాటి తోక పట్టుకు పోతాయి," అన్నాను.

ఆమె నవ్వి తెర మీద వేలు పెట్టింది. తెర నిండా గీతలు, గీతకొక మనిషి. పేర్లు లేవు, నంబర్లే. "ఈ మనిషిని చూడండి. అందరూ మానేసే వయసులో మొదలుపెట్టాడు. పందొమ్మిది శిక్షలు! జిల్లాలో ఇంత పొడుగు గీత ఇంకొకటి లేదు. మొదట గొర్రెలు చేలో పడటం, తర్వాత బెదిరించడం, తర్వాత కొట్టడం. పైకి పోతూనే ఉంది. ఇలాంటివాడు ఎక్కడ ఆగుతాడో తెలుసుకోవాలని నాకు పిచ్చి పట్టినట్టుంది."

గొర్రెలు అనగానే ఆ గీత ఎవరిదో తెలిసిపోయింది. నవ్వాగక, "జిల్లాలోకెల్లా పెద్ద నేరస్థుణ్ణి చూస్తావా? పాత కేసు కాగితం కోసం సోమవారం వస్తాడు, చాయ్ కూడా తాగిపోతాడు," అన్నాను.

సోమవారం బుచ్చయ్య వచ్చి బల్ల మీద కాలు చాపాడు. ఆమె ఎంతో మర్యాదగా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"పెద్దయ్యా, ఇవన్నీ ఎందుకు చేశారు?"

"నేనేం చెయ్యలే బిడ్డా. నిలబడ్డ."

"నిలబడటమంటే?"

ఆయన మంద కట్టంతా విప్పి చెప్పాడు. దాచుకోవడానికి ఏముంది? ఆయన దృష్టిలో అది కొలువు. "ఆళ్లు గొర్ల ఎంబడి నడుస్తరు, నేను బోనుల నిలబడ్త. గంతే బిడ్డా. ఆళ్లకు కాలు నొస్తది, నాకు నొయ్యదు," అని ముగించాడు.

ప్రణవి ముఖం పాలిపోయింది. తన పరిశోధనలో అన్నిటికంటే పొడుగు గీత అబద్ధమని తేలబోతోంది. అయినా దాటవేయలేదు. మరునాడే మా ఊరికి పోయి నాలుగిళ్లనూ అడిగింది. ఆమె అడిగిన వేళ బాగాలేదు. బాల్‌రాజ్ కొడుకు నవీన్‌కుమార్ కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పాసయ్యాడు, రాతపరీక్ష పాసయ్యాడు, ఇక నడవడి విచారణ ఒక్కటే మిగిలింది. ఆ కొట్లాటల్లో చివరివి నాలుగైదు ఆ పిల్లగాడు చేసినవే. అలాంటప్పుడు బాల్‌రాజ్ నోటి నుంచి నిజం రాలుతుందా?

"మా అన్నకు పరాచికాలెక్కువమ్మా," అన్నాడు. "అన్ని ఆయన చేసినయే. కోర్టుల ఆయనే ఒప్పుకున్నడు గద, ఇంక మమ్ములనేం అడుగుతున్నవ్?"

మిగతా ఇళ్లు దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాయి. ఒక్క ముద్దాయి మాట పట్టుకుని కోర్టు రికార్డును కాదనలేమని హైదరాబాద్‌లో ఆమె గురువు తేల్చేశాడు. గీత అలాగే ఉండిపోయింది. ఆలస్యంగా మొదలై ఆగని నేరస్థుడు అని దానికొక పేరు కూడా పెట్టి పుస్తకం వేశారు.

ఆ పుస్తకం మీద వికారాబాద్‌లో సభ జరిగింది. పోలీసులు కూడా వచ్చి విన్నారు. పుస్తకంలో పేర్లు లేవు, నిజమే. కేసుల సంవత్సరాలున్నాయి, సెక్షన్లున్నాయి. పందొమ్మిది శిక్షలు పడిన గొర్ల కాపరి ఎవడో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చాయ్ చల్లారేలోపు కనుక్కున్నారు. ఆయన పేరిట స్టేషన్లో రౌడీషీటు తెరిచారు. ఎన్నికలొచ్చినా జాతరొచ్చినా బుచ్చయ్యను పిలిపించి బయట బల్ల మీద పొద్దంతా కూర్చోబెట్టేవారు. ఆ కుంటివాడు బల్ల మీద ఉంటే చాలు, మండలమంతా భద్రంగా ఉన్నట్టే! మంచి కుక్కకైనా పిచ్చిదని పేరు పెట్టండి చాలు, రాళ్లు వాటంతటవే వచ్చి పడతాయి.

కొడుకు కొలువు ఖాయమయ్యేదాకా బాల్‌రాజ్ కొత్త కేసు ఏదీ రానివ్వలేదు, అయినా ఈ పిలుపులకు బుచ్చయ్యకు ఫికర్ లేదు. "పని పెరిగింది సేటూ," అనేవాడు.

పోయిన ఏడాది చలికాలం చివర మంద బొంరాస్‌పేట వైపు ఉంది. నాగవ్వ చేసిచ్చిన జొన్నరొట్టెలు కట్టుకుని బుచ్చయ్య తన గొర్లను చూసుకోవడానికి ఆటోలో పోయాడు. అప్పుడప్పుడు పోయేవాడు. మెడ కింద నిమిరి, చెవులు చూసి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఆ రోజు నవీన్‌కుమార్ కూడా మంద దగ్గరే ఉన్నాడు. ఉద్యోగం ఖాయమై, చేరే తేదీ కోసం చూస్తున్నాడు. గొర్లు పక్క శనగ చేలో పడ్డాయి. రైతు అరుచుకుంటూ వచ్చి పొట్టేలును కొమ్ములు పట్టి ఈడ్చాడు. నవీన్‌కుమార్ చేతికి కట్టె దొరకలేదు. పెద్దబాపు బుచ్చయ్య చేతి కింది కట్టె లాక్కున్నాడు. ఆసరా పోయి బుచ్చయ్య నేల మీద పడ్డాడు. పడ్డచోటి నుంచే అంతా చూశాడు. తల మీద రెండు దెబ్బలు. రైతు మళ్లీ లేవలేదు.

పొద్దు వాలకముందే బాల్‌రాజ్ వచ్చి అన్న కాళ్లు పట్టుకున్నాడు. ఆ మాటలన్నీ తర్వాత బుచ్చయ్యే నాకు చెప్పాడు.

"అన్నా, ఒక్కటే. గిదొక్కటి నిలబడు. పోరనికి కొలువు పోతది, బతుకు పోతది."

బుచ్చయ్య కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "ఫైను కేసైతే నిలబడ్త తమ్మీ. గిది పానం కేసు. నేను నిలబడ."

బాల్‌రాజ్ లేచి మోకాళ్లకంటిన మట్టి దులుపుకున్నాడట. గొంతులో కోపమైనా లేదట. నన్ను ఇప్పటికీ మండించేది అదే. కోపంతో అన్నా క్షమించేవాణ్ణేమో.

"నువ్వు నిలబడకున్నా నిన్నే నిలబెడ్తరన్నా. కట్టె నీది. షీటు నీ మీదున్నది. మేమందరం నువ్వే అని చెప్తం."

అతను అన్నట్టే జరిగింది. పోలీసులు వేరే ఇంటి గడప తొక్కలేదు. కట్టె పట్టుకుని సూటిగా బుచ్చయ్య ఇంటికి వచ్చారు. కట్టె తిరిగి ఇస్తారేమో అనుకుని ఆయన చెయ్యి చాపాడని నాగవ్వ చెప్పింది.

విచారణ వికారాబాద్‌లో. ప్రతి వాయిదాకూ దుకాణం మూసి, రైలెక్కి పోయాను. నాకు తెలిసింది చెబుతానని వకీలుతో అన్నాను. నేను కళ్లతో చూసింది ఏమీ లేదు, పైగా ఒకే ఊరివాణ్ణి, నా మాట కోర్టు నమ్మదు పొమ్మన్నాడు. మంద తరఫున సాక్షులు వచ్చారు, అందరివీ ఒకే మాటలు, పాఠం అప్పజెప్పినట్టు. బాల్‌రాజ్ బోనులో కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. "మా అన్నే. కోపమొస్తే ఆగడు," అన్నాడు.

మాకు మిగిలింది ప్రణవి. హత్యకు ముందే, ఏ అవసరమూ లేనప్పుడే, నేను నిలబడే మనిషినని బుచ్చయ్య ఆమెతో చెప్పాడు కదా. ఆ సంగతి తెలిసి మా వకీలు ఎగిరి గంతేశాడు. పిలిచిన వెంటనే ఆమె వచ్చింది, ఉన్నదున్నట్టు చెప్పింది. నాగవ్వ నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది, నా మనసులోనూ ఉంది.

అప్పుడు ప్రభుత్వ వకీలు లేచాడు.

"ఈ సంగతి మీ పుస్తకంలో రాశారా?"

"లేదు."

"ఎందుకు రాయలేదు?"

"రుజువు దొరకలేదు. కానీ నేను..."

"అంటే మీరే నమ్మలేదు. కూర్చోండమ్మా."

హత్య కేసులో పాత శిక్షల ఊసు ఎత్తకూడదని చట్టముందట. ముద్దాయి మంచివాడని ఇటువైపు నుంచి చూపబోతే మాత్రం అటువైపు వాళ్లు ఎత్తవచ్చునట. ఆ తలుపు మా వకీలే తెరిచాడు. తెరిచిన తలుపులోంచి పందొమ్మిది కేసులూ మందలా తోసుకొచ్చాయి. ఒక్కొక్కటీ చదువుతుంటే గుర్తొచ్చింది, ఇవన్నీ నేను నా దుకాణం బల్ల మీద కూర్చోబెట్టి ఆయనకు చదివి వినిపించినవే. అప్పుడు నవ్వాం.

ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి బుచ్చయ్యను అడిగాడు. కట్టె లేదు కాబట్టి ఆయన బోను పట్టుకుని నిలబడ్డాడు.

"నేను చెయ్యలే దొరా. గా పందొమ్మిది గూడ నేను చెయ్యలే. ఉత్తగ నిలబడ్డ."

ప్రభుత్వ వకీలు చిరునవ్వు నవ్వాడు. "పందొమ్మిది సార్లు ఎవరూ కొట్టకుండా తిట్టకుండా కోర్టు ముందు చేతులు జోడించి నిజం ఒప్పుకున్న మనిషి ఈయన. ఈసారి ఫైనుతో పోదని తెలిసి, బతుకులో మొదటిసారి అబద్ధమాడుతున్నాడు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. యావజ్జీవం పడింది.

ఆ సాయంత్రం వికారాబాద్ స్టేషన్లో బెంచీ మీద ప్రణవి ఏడుస్తూ కూర్చుంది. చాయ్ తెచ్చిచ్చాను గానీ మంచిమాట నోటికి రాలేదు. "ఇప్పుడైనా ఆ గీత చెరిపేస్తావా అమ్మా?" అన్నాను.

"మా సార్ దానికి చివరి చుక్క కూడా పెట్టేశారు అంకుల్," అంది. "చిన్న నేరాలవాడు హత్య దాకా పోతాడని మనం చెప్పిందే నిజమైందని ఫోన్ చేసి మెచ్చుకున్నారు."

ఆమె రైలెక్కింది. మళ్లీ తాండూరు రాలేదు. నవీన్‌కుమార్ ఉద్యోగంలో చేరాడు. బందోబస్తుకు వచ్చినప్పుడు నా దుకాణం ముందు నుంచే పోతాడు, నమస్తే పెడతాడు కూడా. నేను పెట్టను.

నాగవ్వకు ఇప్పుడు ఒకటే పట్టింపు, పైకోర్టులో అప్పీలు. దానికి వకీలు కావాలి, వకీలుకు గొర్లు తప్ప ఆమె దగ్గర ఏమీ లేవు. గొర్లేమో బాల్‌రాజ్ మందలో ఉన్నాయి. ఇప్పుడే అమ్మితే ఒక్కసారికి సరిపోతాయి, మందలో ఉంచితే ఏటేటా పిల్లలు పెట్టి కేసు నడిపిస్తాయి. ఆమె ఇంకా తేల్చుకోకముందే బాల్‌రాజ్ ఆమె ఇంటికి పోయాడు. ఆ మనిషిని ఎన్ని తిట్టినా ఒక్కటి ఒప్పుకోవాలి, మంద కట్టు మాత్రం తప్పడు.

"వదినా, అన్న గొర్లల్ల ఒక్కటి తక్కువ కాలే. నేను మాట తప్పెటోణ్ణి కాదు," అన్నాడట. "కని మీ ఇంటి పని ఎవరన్న చెయ్యాలె గద. అన్న ఆడ జైల్ల ఉన్నడు. మరి వాటా ఎట్ల నిలబడ్తది?"

పోయిన సోమవారం పొద్దున దుకాణం తెరిచేసరికి నాగవ్వ గడప దగ్గర ఉంది. ఉతికిన చీర, తలకు నూనె, చేతిలో మడతపెట్టిన కోర్టు కాగితం. లోపలికి వచ్చి, ఆయన కూర్చునే బల్ల మీదే కూర్చుంది.

"సేటూ, నేనేం చేసిననో జర చదివి చెప్పు."

కాగితం రెండుసార్లు తిప్పి చూశాను. మొలకెత్తిన చేలోకి గొర్లను తోలి, అడ్డొచ్చిన రైతును తిట్టి గట్టు మీది నుంచి తోసేశావని ఉంది, అని చెప్పాను.

"పానం కేసు కాదు గద?"

"కాదు."

"గట్లయితే ఒప్పుకుంట," అని కాగితం తీసుకుని, చీర కొంగు తల మీదికి లాక్కుని, రోడ్డు దాటి కోర్టు గేటు లోపలికి పోయింది.